ఒకే వెబ్‌సైట్‌లో అన్వేషణ – తెలుగు పరిశోధన: ‘నూజివీడు’ పదరూపాల ఆధారంగా చారిత్రక పరిశీలన

సంక్షిప్తి

సాహిత్య, చరిత్ర పరిశోధకులు ఆధారాల కోసం నేడు మొదట ఆశ్రయిస్తున్నది సెర్చ్ ఇంజన్‌ను. అందులోనూ అన్వేషణను ఒకే వెబ్‌సైట్‌కు పరిమితం చేసి వెతికే పద్ధతికి ప్రాధాన్యం పెరిగింది. ఈ పద్ధతికి ముద్రణ యుగంలో ఉన్న పునాదులను, తెలుగు అక్షరం కంప్యూటరులో వెతకదగినదిగా మారిన క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ‘నూజివీడు’ అనే ఊరి పేరును ఉదాహరణగా తీసుకొని, తెలుగు ఔపవిభక్తిక రూపాలు, పేర్ల మార్పులు, అనేకార్థ పదాలు, యంత్రపఠన దోషాలు అన్వేషణ ఫలితాలను ఎలా మలుస్తాయో పరిశీలిస్తుంది. ‘ఆధారం లభించలేదు’ అని పరిశోధకుడు రాయడానికి ముందు పాటించవలసిన నియమాలను ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అన్వేషణ, పదసూచిక, ఔపవిభక్తికం, యూనికోడ్, యంత్రపఠనం, నూజివీడు, స్థానిక చరిత్ర.

ఉపోద్ఘాతం

పరిశోధన గ్రంథాలలో ‘ఈ విషయానికి పూర్వ ప్రస్తావనలు కనిపించవు’ అనే వాక్యం తరచుగా ఎదురవుతుంది. ఒకప్పుడు ఈ వాక్యం వెనుక గ్రంథాలయంలో పుటలు తిప్పిన నెలల శ్రమ ఉండేది. నేడు దాని వెనుక కొన్ని క్షణాల అన్వేషణ మాత్రమే ఉండవచ్చు. కాలం ఆదా కావడం మంచిదే. కానీ ఆ వాక్యానికి ఉన్న బరువు మాత్రం తగ్గలేదు. ఒక ఊరికి, ఒక కులవృత్తికి, ఒక రచయితకు ఆధారాలు లేవని ఒకసారి అచ్చయితే తరువాతి పరిశోధకులు దానినే ప్రమాణంగా స్వీకరిస్తారు. కనుక అన్వేషణ ఎలా జరిగిందన్నది సాంకేతిక విషయం మాత్రమే కాదు, పరిశోధన ప్రామాణ్యానికి సంబంధించిన విషయం.

అంతర్జాలం మొత్తంలో వెతకడం కంటే నమ్మదగిన ఒక వెబ్‌సైట్‌లో వెతకడం మేలని పరిశోధకులు భావిస్తారు. నిఘంటువులకూ కావ్యపాఠాలకూ ఆంధ్రభారతి, అచ్చు పుస్తకాల పాఠాలకు తెలుగు వికీసోర్స్, స్కాన్ చేసిన గ్రంథాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్, పాత పత్రికలకు ప్రెస్ అకాడమీ భాండాగారం, సాహిత్య వ్యాసాలకు ఈమాట ఇలా ఒక్కో అవసరానికి ఒక్కో స్థానం ఏర్పడింది. వాటిలో వెతికేటప్పుడు తెలుగు భాషా స్వభావం వల్ల కలిగే ఫలితాలను నూజివీడు అనే ఒక్క పేరుతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మామిడికి ప్రసిద్ధమైన ఈ ఊరు మేకా వంశ జమీందారీ కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాకు మారింది. పేరులోను, పరిపాలనలోను, పంటలోను ఇన్ని మార్పులు చూసిన ఊరు కావడం వల్ల పరిశీలనకు అనువైనది.

1. పరిమిత నిధిలో అన్వేషణ: ముద్రణ యుగపు పునాదులు

ఒక నిర్ణీత గ్రంథ సముదాయంలో ఒక పదం ఎక్కడెక్కడ ఉందో చెప్పే సాధనాలు కంప్యూటరుకు ఎంతో ముందే పుట్టాయి. వేద వాఙ్మయానికి అనుక్రమణికలు ఏర్పడ్డాయి. సూక్తానికి ఋషి, ఛందస్సు, దేవత ఎవరో చెప్పే ఆ పట్టికలు ఒక మహానిధిలోకి దారి చూపేవి. యూరప్‌లో 13వ శతాబ్దంలో పారిస్ నగరంలోని డొమినికన్ సన్న్యాసులు బైబిలుకు పదసూచికను సిద్ధం చేశారు. 1906లో బ్లూమ్‌ఫీల్డ్ వైదిక మంత్రపాదాలకు సూచికను ప్రకటించాడు. ఈ మూడింటిలోనూ మొదట నిధి హద్దును నిర్ణయించి, ఆ తరువాతే అందులోని అంశాలను క్రమపరచారు.

తెలుగులో ఈ పని రెండు దారులలో సాగింది. మొదటిది నిఘంటువు. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు (1852), బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885), 1936 నుండి సంపుటాలుగా వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు అకారాది క్రమంలో పదాన్ని చేరే మార్గాన్ని ఏర్పరచాయి. రెండవది గ్రంథానికే పరిమితమైన సూచిక. కావ్య ముద్రణల చివర చేర్చే అకారాది పద్యసూచికలు, నన్నయ పదప్రయోగకోశం వంటి కృషి ఈ కోవకు చెందినవి. పద్యసూచిక పద్యం మొదలును మాత్రమే చూపుతుంది. ప్రయోగకోశం ప్రతి పదాన్నీ, అది పొందిన ప్రతి రూపాన్నీ చూపుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాను గుర్తుంచుకోవాలి. ప్రయోగకోశ కర్తలు విభక్తి రూపాలను విడదీసి మూలపదం కింద చేర్చారు. అంటే ‘వీట’, ‘వీటికి’, ‘వీటిలో’ అనే రూపాలు ‘వీడు’ అనే శీర్షిక కిందికి వచ్చేది పండితుని వ్యాకరణ జ్ఞానం వల్లనే.

ఊరిని ఆధారంగా చేసుకొన్న అన్వేషణకు కూడా తెలుగునాట పూర్వరంగం ఉంది. కాలిన్ మెకంజీ (1754–1821) సేకరింపజేసిన కైఫీయతులు గ్రామాల వారీగా ఏర్పడినవి. ఆ సేకరణలో కీలక పాత్ర వహించిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఏలూరు వారు. కైఫీయతులను సంప్రదించే పరిశోధకుడు ముందు ఊరి పేరును చూసి, దాని కింద దేవాలయాలు, పన్నులు, పాలకుల వంశక్రమం వెతుకుతాడు. నేటి వెబ్‌సైట్‌కు పరిమితమైన అన్వేషణకు ఇది వ్యతిరేక దిశ. అక్కడ ఊరు ముందుగా నిర్ణయమై సమాచారం తరువాత వస్తుంది. ఇక్కడ నిధి ముందుగా నిర్ణయమై ఊరు అందులో ఒక పదంగా మారుతుంది. ఊరు పదంగా మారిన క్షణం నుండి అది వ్యాకరణానికి లోబడుతుంది. ఈ వ్యాసంలోని చర్చకు ఇదే కేంద్రం.

2. తెలుగు అక్షరం వెతకదగినదైన క్రమం

అంతర్జాలంలో తెలుగు రాత తొలి దశ రోమను లిపిలో సాగింది. 1990ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి వార్తాసమూహాలలో వ్యాపించింది. ఆ పద్ధతిలో పెద్దబడి, చిన్నబడి రోమను అక్షరాల తేడాతోనే దీర్ఘాలు, మూర్ధన్యాలు తెలుస్తాయి. చిన్నబడి ‘డి’ దకారానికి, పెద్దబడి ‘డి’ డకారానికి గుర్తు. సెర్చ్ ఇంజన్లు సాధారణంగా ఈ రెండు బడుల తేడాను పట్టించుకోవు. కాబట్టి ఆ పాఠాలలో వెతికితే ‘వీడు’, ‘విడు’, ‘విదు’ అన్నీ ఒకటే అవుతాయి. రాతలో శాస్త్రీయమైన పద్ధతే అన్వేషణలో తన సూక్ష్మతను కోల్పోయింది.

రెండవ దశ సొంత ఫాంట్లది. దినపత్రికలు తమ వెబ్‌సైట్లకు ఎవరి ఫాంటును వారు తయారు చేసుకొన్నాయి. తెరపై తెలుగు అందంగా కనిపించేది. లోపల నిల్వ ఉన్నది మాత్రం రోమను గుర్తుల సముదాయం. ఆ పుటలలో ‘నూజివీడు’ అని వెతికినా దొరకదు, ఎందుకంటే ఆ పదం అక్కడ ఆ సంకేతాలతో లేదు. ఒక పత్రిక సంకేతాలు మరొక పత్రికకు చెల్లవు. 1995 డిసెంబరులో ఆల్టావిస్టా, 1998లో గూగుల్ వచ్చాయి. ఇంగ్లీషు పాఠకుడు వాటితో కోట్ల పుటలను వెతుకుతున్న కాలంలో తెలుగు పత్రికల అంతర్జాల సంచికలు చదవదగినవే కానీ వెతకదగినవి కాలేదు. ఆ కాలపు తెలుగు సమాజ చరిత్రను రాయబోయే వారికి ఇది చిన్న లోటు కాదు.

మూడవ దశ యూనికోడ్. 1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు స్థానం లభించినా, విండోస్ ఎక్స్‌పీలో (2001) గౌతమి ఫాంటుతో తెలుగు మద్దతు వచ్చిన తరువాత, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమై, 2006లో లేఖిని వంటి సాధనాలు ప్రచారంలోకి వచ్చిన తరువాత అది వాడుకలో నిలదొక్కుకొంది. యూనికోడ్ అక్షరం ఆకారాన్ని కాక, హల్లు, అచ్చుగుర్తు అనే విభజనను నిల్వ చేస్తుంది. ‘నూజివీడు’ అనే పదం కంటికి నాలుగు అక్షరాలు. యంత్రానికి అది న, ఊకార గుర్తు, జ, ఇకార గుర్తు, వ, ఈకార గుర్తు, డ, ఉకార గుర్తు అనే ఎనిమిది సంకేతాల వరుస. అన్వేషణ అంటే ఈ వరుసను మరొక వరుసతో పోల్చడం. పోలిక కుదిరితే ఫలితం ఉంటుంది, కుదరకపోతే లేదు. ఇక్కడ అర్థానికి ప్రమేయం తక్కువ.

3. ఒకే వెబ్‌సైట్‌కు పరిమితమైన అన్వేషణ: పనిచేసే తీరు

ఒక వెబ్‌సైట్‌లో వెతకడానికి రెండు మార్గాలున్నాయి. ఆ వెబ్‌సైట్‌లోనే ఉన్న అన్వేషణ పెట్టెను వాడడం ఒకటి. బయటి సెర్చ్ ఇంజన్‌లో వెతకదలచిన పదాన్ని రాసి, పక్కన రోమను లిపిలో ‘సైట్’ అనే మాటను, దానికి అంటించి రెండు చుక్కల గుర్తును, ఖాళీ విడువకుండా వెబ్‌సైట్ చిరునామాను చేర్చడం రెండవది. పదబంధాన్ని ఉన్నది ఉన్నట్టుగా కోరితే ఉద్ధరణ చిహ్నాలలో ఉంచాలి. వద్దనుకొన్న పదానికి ముందు రుణ చిహ్నాన్ని చేర్చాలి. రెండు రూపాలలో ఏదైనా సరిపోతుందనుకొంటే వాటి మధ్య ‘ఆర్’ అనే ఇంగ్లీషు మాటను పెద్దబడిలో ఉంచాలి.

ఈ రెండు మార్గాలు ఒకే ప్రశ్నకు ఒకే జవాబు ఇవ్వవు. సెర్చ్ ఇంజన్ వెతికేది వెబ్‌సైట్‌ను కాదు, ఆ వెబ్‌సైట్ నుండి తాను అంతకుముందు సేకరించి పెట్టుకొన్న సూచికను. తాను చేరని పుటలు దానికి లేనట్టే. నిఘంటు వెబ్‌సైట్లలో పాఠకుడు పదం రాసిన తరువాతే పుట ఏర్పడుతుంది. అటువంటి పుటలకు బయటి నుండి లంకె లేకపోతే సెర్చ్ ఇంజన్ వాటిని చేరలేదు. తమ పుటలను సేకరించవద్దని వెబ్‌సైట్ నిర్వాహకులు సూచించే ఏర్పాటు కూడా 1994 నుండి ఉంది. మరొకటి, సెర్చ్ ఇంజన్ చూపే ఫలితాల సంఖ్య అంచనా మాత్రమే. ఆ సంఖ్య ఆధారంగా ఒక పదం మరొక పదం కంటే ప్రచురమని నిర్ధారించడం పరిశోధన పద్ధతి కాదు.

వెబ్‌సైట్ సొంత అన్వేషణకు కొన్ని ప్రత్యేక సౌకర్యాలు ఉండవచ్చు. వికీపీడియా, వికీసోర్స్‌లలో పదభాగం తరువాత నక్షత్ర గుర్తు పెడితే ఆ భాగంతో మొదలయ్యే పదాలన్నీ వస్తాయి. గూగుల్‌లో నక్షత్ర గుర్తు పూర్తి పదానికి బదులుగా నిలుస్తుంది కాని పదంలోని భాగానికి కాదు. ఈ చిన్న భేదం ఆంగ్ల పరిశోధకునికి అంతగా పట్టదు. తెలుగు పరిశోధకునికి మాత్రం ఫలితమంతా దీనిపైనే ఆధారపడుతుంది. కారణం కింది విభాగంలో స్పష్టమవుతుంది.

4. నూజివీడు – నూజివీటి

‘వీడు’ అనే దేశ్యపదానికి పట్టణం, విడిది అని అర్థాలు. తమిళంలో ‘వీడు’ అంటే ఇల్లు. నూజివీడు పేరును నువ్వు చేలతో ముడిపెట్టే వివరణ స్థానికంగా ప్రచారంలో ఉంది. పేరు మొదటి భాగం ఎలా ఉన్నా రెండవ భాగం కొండవీడులో ఉన్న ‘వీడు’ వంటిదే. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ఇ, టి, తి వర్ణాలను ఔపవిభక్తికాలుగా చెప్పింది. నాడు–నాటి, గూడు–గూటి, కాడు–కాటి అన్నట్టే వీడు–వీటి అవుతుంది. కొండవీడు అనే పేరు తెలిసిన వారందరూ ‘కొండవీటి చేంతాడు’ అనే సామెతనూ ఎరుగుదురు. ఊరి పేరు ప్రథమలో ఒకటి, సంబంధార్థంలో మరొకటి. ‘నూజివీడు పెద్ద ఊరు’ అంటాం, ‘నూజివీటి కోట’ అంటాం. ‘నూజివీట’ అనే సప్తమ్యర్థక రూపం కూడా గ్రాంథిక రచనలకు సహజమైనదే.

యంత్రం దృష్టిలో నూజివీడు, నూజివీటి అనే వరుసలలో మొదటి ఆరు సంకేతాలు సమానం, చివరి రెండు వేరు. పూర్తి పదాన్ని కోరే అన్వేషణలో ఇవి రెండు వేర్వేరు పదాలు. ‘నూజివీడు’ అని వెతికినవారికి ‘నూజివీటి జమీందారు’, ‘నూజివీటి రైతులు’, ‘నూజివీటి రసాలు’ అనే ప్రయోగాలున్న పుటలు అందకపోవచ్చు. పుటలో ఎక్కడా ప్రథమారూపం లేకపోతే ఆ పుట మొత్తం దృష్టికి రాదు.

ఈ నష్టం యాదృచ్ఛికం కాదు. దానికి ఒక నిర్దిష్టమైన దిశ ఉంది. ప్రథమారూపం ఎక్కువగా నిలిచేది పరిపాలన పదబంధాలలో. నూజివీడు మండలం, నూజివీడు డివిజను, నూజివీడు శాసనసభ నియోజకవర్గం వంటివి కార్యాలయ భాషలో స్థిరపడిన పేర్లు. ఔపవిభక్తిక రూపం ఎక్కువగా కనిపించేది సంబంధాన్ని చెప్పేటప్పుడు. ఎవరి భూమి, ఎవరి తోట, ఎవరి కోట, ఎక్కడి కాయ, ఎక్కడి మనిషి అన్నప్పుడు వాక్యం సహజంగా ‘నూజివీటి’ని కోరుతుంది. ఇటీవలి రచనలో ‘నూజివీడు మామిడి’ అనే వాడుక బలపడినా, పాత గద్యంలో, గ్రాంథిక శైలిలో, వయసు మళ్లిన వారి మాటలో ‘నూజివీటి’ సహజం. కనుక ప్రథమారూపంతో మాత్రమే వెతికిన పరిశోధకునికి కార్యాలయాల నూజివీడు, ఇటీవలి నూజివీడు దొరుకుతుంది. పాత నూజివీడు, మనుషుల సంబంధాల నూజివీడు చేజారుతుంది. ఆ ఫలితాల ఆధారంగా ‘19వ శతాబ్దిలో ఈ ఊరి ప్రస్తావనలు తక్కువ’ అని రాస్తే అది చరిత్ర కాదు, వ్యాకరణం విస్మరించిన అన్వేషణకు ప్రతిబింబం.

పదాన్ని విడదీసి వెతికితే మరొక చిక్కు. ‘వీడు’ అనేది పట్టణం, సర్వనామం, విడిచిపెట్టు అనే క్రియ కూడా. ‘వీటి’ అనేది పట్టణ సంబంధం, ‘ఇవి’ అనే సర్వనామపు ఔపవిభక్తిక రూపం కూడా. పాత ముద్రణలలో మనిషిని చెప్పే ‘వీఁడు’కు అరసున్న ఉండేది, పట్టణాన్ని చెప్పే ‘వీడు’కు లేదు. కంటికి ఆ చిన్న గుర్తు అర్థభేదాన్ని చూపేది. యూనికోడ్‌లో అరసున్నకు ప్రత్యేక సంకేతం ఉన్నా, ఆధునిక పునర్ముద్రణలు దానిని వదిలివేశాయి. పాఠాన్ని సులభం చేయడానికి తీసివేసిన గుర్తు అన్వేషణలో అవసరమైన ఆధారంగా తేలుతోంది. పూర్వ ముద్రణ లేఖన పద్ధతిని యథాతథంగా టైపు చేయాలా, ఆధునికీకరించాలా అన్న చర్చలో ఈ అంశాన్ని కూడా పరిగణించాలి.

సంధి వల్ల కూడా పదం మారుతుంది. ‘నూజివీడు ఎస్టేటు’ అనేది ‘నూజివీడెస్టేటు’ అయితే చివరి ఉకారం పోతుంది. ‘నూజివీడ్’ అనే ఇంగ్లీషు ఛాయ రూపానికి ‘లో’ చేర్చేటప్పుడు అక్షరాలు కలిసిపోకుండా కొందరు మధ్యలో కంటికి కనిపించని విభాజక సంకేతాన్ని ఉంచుతారు, కొందరు ఉంచరు. తెరపై కొద్ది తేడాతో ఒకే మాటగా చదివే రెండు రూపాలు యంత్రానికి రెండుగా నిలవగలవు.

5. ఊరి పేరుకు ఉన్న ఇతర ముఖాలు

ఈస్టిండియా కంపెనీ కాలపు పత్రాలలో నూజివీడు ‘నూజీద్’ అని చదవదగిన రోమను వర్ణక్రమంతో కనిపిస్తుంది. తరువాతి జిల్లా వివరణ గ్రంథాలలో, న్యాయస్థాన నివేదికలలో ‘నుజ్‌విద్’ అనే వర్ణక్రమం స్థిరపడింది. మొదటి రూపంలో వకారం లేకపోవడం గమనించదగినది. జనవ్యవహారంలో మధ్య వకారం లోపించిన ఉచ్చారణ ఆనాడే ఉండేదని, విదేశీ రాయసగాడు చెవికి వినిపించినట్టు రాసుకొన్నాడని ఊహించవచ్చు. రోమను రూపాలను కేవలం తప్పు రాతలుగా కొట్టివేయకుండా, ఉచ్చారణ చరిత్రకు సాక్ష్యాలుగా చూడవలసిన అవసరం ఉంది. వెతికేవారు మాత్రం ఈ రూపాలన్నిటినీ ముందే రాసిపెట్టుకోవాలి. జమీందారుల పేర్లలో కనిపించే ‘అప్పారావు’ కూడా ఆ నివేదికలలో ‘అప్పా రో’ అని రెండు ముక్కలుగా ఉంటుంది. సంస్థాన విభజన వ్యాజ్యం ప్రివీ కౌన్సిల్ వరకు వెళ్లింది. దాని నివేదికను చేరాలంటే ఆ వర్ణక్రమమే దారి.

వంశశాఖల పేర్లు మరొక పొర. నూజివీడు సంస్థానం కాలక్రమంలో శాఖలుగా విడిపోయింది. ఉయ్యూరు, మీర్జాపురం మొదలైన పేర్లతో ఆ శాఖలు ప్రసిద్ధికెక్కాయి. 1949లో వచ్చిన కీలుగుఱ్ఱం చిత్రానికి దర్శకుడు మీర్జాపురం రాజా. మీర్జాపురం నూజివీడు సమీప గ్రామమే. సినిమా చరిత్రకు సంబంధించిన వెబ్‌సైట్‌లో ‘నూజివీడు’ అని వెతికే పరిశోధకుడు ఈ అధ్యాయాన్ని చేరలేడు, ఎందుకంటే అక్కడ ఆయన గుర్తింపు మీర్జాపురంతోనే. ఆయన స్టూడియో శోభనాచల. ఆగిరిపల్లి కొండ పేరు శోభనాచలం. జమీందారీ వంశంలో వినిపించే పేరు శోభనాద్రి. అచలం, అద్రి పర్యాయపదాలని తెలిసిన తెలుగు విద్యార్థికి ఈ మూడింటి మధ్య బంధం వెంటనే తడుతుంది. అక్షరాల వరుసను మాత్రమే పోల్చే అన్వేషణకు అది తట్టదు.

పరిపాలనా విభాగాలు కూడా మారాయి. 1859లో మచిలీపట్నం, గుంటూరు జిల్లాలు కలిసి కృష్ణా జిల్లా ఏర్పడింది. కాబట్టి అంతకు ముందు కాలపు నూజివీడు సమాచారం మచిలీపట్నం జిల్లా కింద, తరువాతిది కృష్ణా జిల్లా కింద, 2022 తరువాతిది ఏలూరు జిల్లా కింద ఉంటుంది. జిల్లా వెబ్‌సైట్‌కు పరిమితమై వెతికేవారు ఏ కాలపు హద్దులో వెతుకుతున్నారో గుర్తించాలి. మరొక విచిత్రం, నూజివీడు పేరుతో ఉన్న రైల్వే స్టేషను ఉన్నది హనుమాన్ జంక్షన్‌లో. ఆ స్టేషను గురించిన సమాచారాన్ని ఊరి సమాచారంగా స్వీకరించే ప్రమాదం ఉంది. ఊరి పేరును ధరించిన విత్తన సంస్థ హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తుంది. 2008లో ప్రారంభమైన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం విద్యార్థుల వార్తలకు కేంద్రం. వార్తాపత్రికల వెబ్‌సైట్లలో ‘నూజివీడు’ అని మాత్రమే రాస్తే వ్యవసాయ చరిత్ర ఈ వార్తల కింద మునిగిపోతుంది. రుణ చిహ్నంతో ‘ట్రిపుల్ ఐటీ’ని తొలగించడం అటువంటి చోట అవసరమైన ఉపాయం.

మామిడి పేర్ల విషయంలో ఈ చిక్కు మరింత ఆసక్తికరం. నూజివీటి తోటలకు పేరు తెచ్చినవి చిన్నరసం, పెద్దరసం వంటి రసాలు, బంగినపల్లి, తోతాపురి. తోతాపురికి స్థానికంగా వ్యవహారంలో ఉన్న పేరు కలెక్టరు. జిల్లా వెబ్‌సైట్‌లో ‘కలెక్టరు’ అని వెతికితే జిల్లా అధికారి ఎదురవుతాడు కానీ కాయ కాదు. సాహిత్య వెబ్‌సైట్‌లో ‘రసం’ అని వెతికితే శృంగారాదులు వస్తాయి, వంటల వెబ్‌సైట్‌లో చారు వస్తుంది. బంగినపల్లికి బనగానపల్లె, బేనిషాన్ అనే పేర్లూ ఉన్నాయి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందినది ‘బనగానపల్లె’ పేరుతో. కనుక ప్రభుత్వ పత్రాలలో ఒక రూపం, సంతలో మరొక రూపం, ఇంగ్లీషు వ్యవసాయ గ్రంథాలలో వేరొక రూపం. ఇటువంటి పేర్లను వెతికేటప్పుడు ఒంటి పదం చాలదు. ‘కలెక్టరు’తో పాటు ‘కాయ’, ‘తోట’, ‘దోటి’ వంటి వృత్తిపదాన్ని జోడించాలి. ఆ వృత్తిపదాలు తెలియాలంటే తోటకు వెళ్లి అడగాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తి పదకోశం ఈ క్షేత్ర పద్ధతికి ప్రమాణం. క్షేత్రంలో సేకరించిన పదమే తెరపై అన్వేషణకు తాళంచెవి అవుతుంది.

6. బొమ్మ పుటలు, యంత్రపఠనం

ఇంతవరకు చెప్పినది టైపు చేసిన పాఠాలకు వర్తిస్తుంది. తెలుగు ముద్రణ చరిత్రలో అధిక భాగం నేడు అందుబాటులో ఉన్నది బొమ్మల రూపంలో. భారత డిజిటల్ గ్రంథాలయ పథకంలో స్కాన్ అయిన తెలుగు గ్రంథాలు తరువాత ఇంటర్నెట్ ఆర్కైవులోనూ చేరాయి. ప్రెస్ అకాడమీ భాండాగారంలో ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి వంటి పత్రికల పుటలు బొమ్మలుగానే నిలిచాయి. ఇటువంటి చోట వెతికితే యంత్రం చూసేది గ్రంథం పేరును, రచయిత పేరును, తేదీని మాత్రమే. లోపలి పాఠం దానికి అందదు. గ్రంథాల పేర్లు కూడా రోమను లిపిలో, నియమం లేని వర్ణక్రమంతో నమోదయ్యాయి. ‘చరిత్ర’ అనే ఒక్క మాటనే పలు విధాల రాసిన పట్టికలో ఒక రూపంతో వెతికి ‘గ్రంథం లేదు’ అనడం తొందరపాటు.

యంత్రపఠనం ఈ పరిస్థితిని కొంత మార్చింది. తెలుగు లిపిని యంత్రం చదవలేదన్న సూచన ఇంటర్నెట్ ఆర్కైవులోని తెలుగు గ్రంథాల పక్కన చాలాకాలం కనిపించేది. నేడు తెలుగును చదివే సాధనాలున్నాయి. అయితే వ–ప, డ–ద వంటి పోలిక ఉన్న అక్షరాల దగ్గర, చెరిగిన అచ్చు దగ్గర పొరపాట్లు తప్పవు. ‘నూజివీడు’ కాస్తా ‘నూజివీదు’ అయితే చదివే మనిషి దిద్దుకొంటాడు, వెతికే యంత్రం దాటిపోతుంది. మరొక అంశం, పాత తెలుగు ముద్రణలో పంక్తి చివర పదాన్ని ఏ గుర్తూ లేకుండా విరిచేవారు. ‘నూజి’ ఒక పంక్తిలో, ‘వీటి’ మరుసటి పంక్తిలో ఉంటే పదం యంత్రం దృష్టిలో రెండుగా మిగులుతుంది. వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు పుటపుటనూ మూలంతో పోల్చి దిద్దే పద్ధతి ఈ లోపానికి నిజమైన పరిష్కారం. ఆ శ్రమను తెలుగు శాఖలు పరిశోధనలో భాగంగా గుర్తించడం సముచితం.

7. ‘లభించలేదు’ అనే వాక్యం: కొన్ని ప్రతిపాదనలు

పై చర్చ ఆధారంగా పరిశోధకులు పాటించదగిన నియమాలను ఇలా క్రోడీకరించవచ్చు.

మొదటిది, అన్వేషణకు ముందు రూపపట్టికను తయారు చేయాలి. నామవాచకానికి ప్రథమారూపం, ఔపవిభక్తిక రూపం, సప్తమ్యర్థక రూపం, సంధిగత రూపం, వ్యావహారిక రూపం, రోమను రూపాలు అందులో ఉండాలి. నూజివీడుకు కనీసం నూజివీడు, నూజివీటి, నూజివీట, నూజివీడ్ అనే రూపాలు అవసరం. నక్షత్ర గుర్తును అంగీకరించే చోట ‘నూజివీ’ అనే సమాన భాగంతో వెతకవచ్చు.

రెండవది, ఒకే వెబ్‌సైట్‌ను దాని సొంత అన్వేషణ ద్వారా, బయటి సెర్చ్ ఇంజన్ ద్వారా రెండు విధాల పరీక్షించాలి. ఒకదానిలో దొరికి మరొకదానిలో దొరకని పుటలు ఆ నిధి స్వభావాన్ని తెలియజేస్తాయి.

మూడవది, పరీక్ష పదాన్ని వాడాలి. ఆ వెబ్‌సైట్‌లో ఉందని తమకు ముందే తెలిసిన పుటలోని ఒక అరుదైన మాటతో వెతకాలి. అది దొరకకపోతే ఆ పుట సూచికలో లేదని అర్థం. అటువంటి చోట ఇతర పదాలు దొరకకపోవడానికి సాక్ష్య విలువ ఉండదు.

నాలుగవది, పరిశోధన గ్రంథంలో అన్వేషణ వివరాలను నమోదు చేయాలి. ఏ వెబ్‌సైట్‌లో, ఏ తేదీన, ఏ రూపాలతో వెతికారో రాయాలి. ‘ప్రస్తావన లేదు’ అనడానికి బదులు ‘ఈ నిధిలో, ఈ రూపాలతో, ఈ తేదీ నాటికి లభించలేదు’ అనాలి. తరువాతి పరిశోధకుడు అక్కడి నుండి ముందుకు సాగడానికి వీలవుతుంది. వెబ్‌సైట్లు శాశ్వతం కావు కనుక దొరికిన పుట ప్రతిని భద్రపరచడమూ ఇందులో భాగమే.

ఐదవది, బొమ్మ పుటలున్న నిధుల విషయంలో అన్వేషణ ఫలితాన్ని ప్రతికూల సాక్ష్యంగా స్వీకరించరాదు. అక్కడ పుటలు తిప్పి చదవడానికి ప్రత్యామ్నాయం లేదు.

ముగింపు

అనుక్రమణికలు, కైఫీయతులు, పద్యసూచికలు, ప్రయోగకోశాలు అనే పరంపరలో ఒకే వెబ్‌సైట్‌కు పరిమితమైన అన్వేషణ తాజా దశ. పూర్వ సాధనాలలో పండితుని వ్యాకరణ జ్ఞానం సూచిక తయారీలోనే ఇమిడి ఉండేది. ‘వీటి’ని ‘వీడు’ కింద చేర్చే పని సూచికకర్తది. నేటి సాధనంలో ఆ పని వెతికేవారి బాధ్యతగా మారింది. కాబట్టి యంత్రాలు వచ్చినందువల్ల తెలుగు పరిశోధకునికి వ్యాకరణ పరిజ్ఞానం అవసరం తగ్గలేదు, పెరిగింది. ఔపవిభక్తికాన్ని పరీక్ష కోసం మాత్రమే చదివిన విద్యార్థికి నూజివీటి చరిత్రలో సగం కనిపించకుండా పోవచ్చు.

స్థానిక చరిత్రల రచన ఇప్పుడిప్పుడే పుంజుకొంటున్న కాలమిది. కొత్త జిల్లాలు ఏర్పడిన చోట కొత్త జిల్లా చరిత్రలు వెలువడుతున్నాయి. వాటికి ఆధారాలను అంతర్జాల నిధుల నుండే ఎక్కువమంది సేకరిస్తున్నారు. ఆ చరిత్రలలో జమీందారులు, కార్యాలయాలు మాత్రమే మిగలకుండా, తోటలు పెంచిన రైతులకూ కాయ కోసిన కూలీలకూ చోటు దక్కాలంటే వారిని ప్రస్తావించిన వాక్యాలు ఏ రూపంలో ఉన్నాయో తెలిసి వెతకాలి. వీడుతో పాటు ఇతర స్థలనామాంత్య పదాలకు కూడా ఇటువంటి రూపపట్టికలను తెలుగు శాఖలు సమష్టిగా సిద్ధం చేస్తే, అవి పరిశోధకులకూ అన్వేషణ సాధనాలను తయారు చేసే సాంకేతికులకూ ఒకే విధంగా ఉపకరిస్తాయి.